గడుగ్గాయి నిద్ర

కోడలిని డాక్టరు మంచం దిగొద్దన్నాడని తెలిసిన మర్నాడే అత్తగారు ఊడిపడింది. చేతిలో ఒక సూట్‌కేసు, భుజాన ఒక సంచి, చంకలో తన దిండు. పరాయి దిండు మీద ఆమెకు నిద్ర పట్టదు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు విప్పితే వెనక సీటు దాకా వినబడాల్సిందే. ఇంట్లో పక్కనే కూర్చున్నవాళ్లతోనైనా అదే గొంతు.

కొడుకు గూడ్సు రైలు నడుపుతాడు. డ్యూటీకి వెళ్లాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో అతనికే తెలీదు. అందుకని రెండో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లే. పెళ్లయి ఆరేళ్లయినా వాళ్లిద్దరూ పట్టుమని పది నిమిషాలు మాట్లాడుకున్నది లేదు. పోట్లాటలేమీ లేవు. పోట్లాడుకునేంత చనువు లేదు, అంతే.

కోడలికిది మూడో కడుపు. ముందు రెండూ నిలిచినట్టే నిలిచి పోయాయి. ఈసారి ఐదో నెల రాగానే గర్భసంచి మూతికి కుట్టు వేసి, స్నానానికీ బాత్రూముకీ తప్ప లేవొద్దన్నారు. ఆమె కిటికీ పక్క మంచం మీద ఎడమ వైపుకి తిరిగి పడుకుని, స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని, పొద్దస్తమానం దాన్నే చూస్తూ ఉండేది. మొదటి రోజు జావ గిన్నెతో లోపలికొచ్చిన అత్తగారికి ఆ తెర మీద ఓ ఎలుగుబంటి మొహం కనబడింది. ఒక చెవి కాస్త చిరిగి ఉంది.

"కడుపుతో ఉన్న మనిషివి. పొద్దున్నే లేచి చూడ్డానికి ఇంతకన్నా మంచి మొహం దొరకలేదా అమ్మాయ్?" అంది.

"ఇది నా ఉద్యోగం అత్తయ్యా."

"తెలుసులే. అడిగానంతే."

కోడలు ఎలుగుబంట్ల మీద పరిశోధన చేస్తుంది. ఈ సంగతి నలుగురికీ చెప్పాల్సి వస్తే అత్తగారు "జంతువుల డాక్టరు" అని సరిపెట్టేసేది. అడవికెళ్లి నిద్రపోతున్న ఎలుగుల నెత్తురు తీసుకొస్తుందని చెబితే ఎవరు నమ్ముతారు?

రెండు మూడు రోజులు గిన్నెల చప్పుడు తప్ప ఆ ఇంట్లో మాట లేదు. మాట కలిపింది సూదిమందు. అన్ని నెలలు మంచం మీద ఉంటే కాళ్లలో నెత్తురు గడ్డ కడుతుందని, రోజూ పొట్టలోకి ఒక ఇంజెక్షను రాసిచ్చారు. మొగుడు ఊళ్లో ఉంటే అతనే పొడిచేవాడు. లేనప్పుడు అత్తగారే పొడవాలి. నర్సు ఒకసారి చూపించి వెళ్లింది. బ్రేకు కొట్టినా చెయ్యి వణక్కుండా చిల్లర లెక్కపెట్టిన మనిషికి ఆ పూట సూది మూత ఒక పట్టాన ఊడి రాలేదు.

"భయపడకండి. కొంచెం చర్మం పట్టుకుని గుచ్చేయడమే," అంది కోడలు.

"నీ చర్మం కదా, నువ్వలాగే అంటావు."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్టు లాగుతుందేమోనని ఆపుకుంది. సూది దిగింది, మందు దిగింది, అత్తగారు కుర్చీలో కూలబడింది.

"ఇంతకీ మీ ఎలుగు ఎన్నాళ్లు పడుకుంటుందంటావు?"

"ఐదారు నెలలు."

"మరి దానికెవరు పొడుస్తారు?"

ఆ ప్రశ్న వినగానే కోడలు మొహంలో వెలుగొచ్చింది. అత్తగారు వేళాకోళానికే అడిగింది గానీ, అది సరిగ్గా తను మూడేళ్లుగా పనిచేస్తున్న ప్రశ్న.

"ఎవరూ పొడవక్కర్లేదు అత్తయ్యా, అదే విచిత్రం. ఎలుగు నిద్రలోకి జారగానే దాని నెత్తురులో ఒక ప్రోటీను ఇంచుమించు మాయమైపోతుంది. అది లేకపోతే గడ్డ కట్టడం కష్టం. ఈమధ్యనే కనిపెట్టారు. నడుం దెబ్బతిని ఏళ్ల తరబడి మంచాన పడ్డవాళ్లలో కూడా అదే ప్రోటీను తగ్గిపోతోందట. మనకి ఉన్నట్టుండి నాలుగు రోజులు పడుకుంటే ప్రమాదం గానీ, నెమ్మదిగా అలవాటు పడితే ఒళ్లే ఏదో దారి వెతుక్కుంటుందన్నమాట. ఆ దారేంటో పూర్తిగా తెలిస్తే ఈ సూదుల కంటే మంచి మందు చెయ్యొచ్చు."

"తిండి?"

"తినదు. నీళ్లూ తాగదు. దొడ్డికీ వెళ్లదు."

అత్తగారు ఆలోచించింది. "సంసారానికి ఖర్చు లేని మనిషి," అంది.

అప్పటినుంచి రోజూ సూది పొడిచాక కాసేపు ఎలుగు కబుర్లు సాగేవి. తెర మీది చెవి చిరిగిన ఆడ ఎలుగుకి అడవిలో పనిచేసేవాళ్లు గడుగ్గాయి అని పేరు పెట్టారు. రెండేళ్లపాటు బోనులో పెట్టిన తేనె నాకేసి, తలుపు పడేలోగా బయటపడేదట. చివరికి ఎలాగో దొరికితే మత్తిచ్చి, చర్మం కింద పెన్ను మూతంత యంత్రం ఒకటి పెట్టారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, ఒళ్లెంత వెచ్చగా ఉందో అది లెక్కగడుతుంది. గుహ బయట పాతిన పెట్టె ఒకటి ఆ లెక్కల్ని ల్యాబ్‌కి పంపుతుంది. కోడలి లాప్‌టాప్‌లో అవి రెండు గీతలు. కింద నల్ల గీత గుండె. పైన ఎర్ర గీత వేడి.

"వేసవిలో ఇది మగదానితో తిరగడం మావాళ్లు చూశారు," అంది కోడలు. "కానీ ఎలుగులకి కడుపు వెంటనే నిలవదు. పిండం సూదిమొనంత చుక్కగా ఉండి, లోపల ఊరికే ఆగి ఉంటుంది. శీతాకాలం వచ్చాక, ఒంట్లో తగినంత కొవ్వు పడితేనే గర్భసంచికి అంటుకుంటుంది. లేకపోతే లేదు."

"అంటే పిల్లల్ని పోషించే సత్తా ఉందో లేదో చూసుకుని మరీ కంటుందన్నమాట."

"అది ఆలోచించి చేసేది కాదు, ఒళ్లే చూసుకుంటుంది."

"ఎవరు చూసుకుంటే ఏం. మా కాలంలో ఆ సదుపాయం లేదు." అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మరి ఇప్పుడు అంటుకుందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"ఎర్ర గీత. కడుపుతో ఉన్న ఎలుగు, నిద్రలో కూడా ఒళ్లు చల్లబడనివ్వదు. ఇంచుమించు మనంత వెచ్చగా ఉంచుకుంటుంది. పిల్లలు పుట్టాక గీత కిందకి దిగుతుంది."

డిసెంబరు మొదట్లో ఎర్ర గీత పైకి లేచింది. ఇద్దరూ కలిసే చూశారు. ఆ పూట అత్తగారు వీధి చివర దుకాణానికి వెళ్లి, అక్కడున్న ఆవిడతో "మా ఇంట్లో ఇద్దరు కడుపుతో ఉన్నారు" అని చెప్పి వచ్చింది. ఆవిడ తెల్లబోతే విడమరిచి చెప్పకుండా, పాల సీసా తీసుకుని చక్కా వచ్చేసింది.

ఇక పొద్దున లేస్తూనే మొదటి మాట, "ఏమంటోంది మన పిల్ల?" బయట మంచు పడితే, "దాని గుహలోకి నీళ్లు కారవు కదా?" కొడుకు డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ, "మా ఆవిడెలా ఉందమ్మా?" అని అడిగితే, "ఏ ఆవిడ?" అంది ఒకసారి. కొడుకు తల గోక్కుంటూ లోపలికి పోయాడు. మంచం మీద కోడలు మొహం దుప్పట్లో దాచుకుని నవ్వుకుంది. ఆ నవ్వులో కడుపులో బిడ్డ తన్నింది. "అత్తయ్యా, చెయ్యిలా పెట్టండి," అని పిలిచి, తనే లాగి పొట్ట మీద పెట్టుకుంది. ఆరేళ్లలో ఆమె అత్తగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ నెల సగంలో ఒక మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఒకావిడ చూడ్డానికొచ్చింది. కోడలి పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషి. కోడలు ఆమెను అక్కా అంటుంది. కమలాపళ్లు తెచ్చింది, కాసేపు ఆఫీసు కబుర్లు చెప్పింది, తర్వాత మంచినీళ్ల వంకతో వంటింట్లోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పిన్నిగారూ, ఒక్క సాయం చెయ్యాలి. గడుగ్గాయి ఎర్ర గీత పడిపోయింది."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "పిల్లలు పుట్టేశారా?"

"లేదండీ. ఇంకా నెల పైనే ఉంది. ఇంత ముందే పడిందంటే..." ఆవిడ మిగతాది అనలేదు. "నిన్న పొద్దున ల్యాబ్‌లో చూశాం. తనింకా చూసినట్టు లేదు, ఏమీ రాయలేదు మాకు. అసలే రెండుసార్లు దెబ్బతిన్న మనిషి. ఇప్పుడిది చూసి మనసు కష్టపెట్టుకుంటుందేమోనని. కాన్పయ్యేదాకా ఎలాగోలా దాచగలిగితే... పెట్టె పాడైందని మేం ఉత్తరం రాస్తాం. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండండి."

అత్తగారు సరేనంది. అనడమైతే అంది గానీ, ఆమె నోట్లో నువ్వుగింజ నానదని బస్సు డిపోలో అందరికీ తెలుసు. పక్క బల్లావిడ వెళ్లాక చాలాసేపు సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తర్వాత హాల్లోకెళ్లి వైఫై డబ్బాకి ఉన్న వైరు పీకి, వంటింట్లో పిండి డబ్బాలో కుక్కి మూత పెట్టింది.

"నెట్టు రావట్లేదమ్మాయ్," అని గడప అవతలి నుంచే చెప్పింది. "మంచుకి తీగలు తెగాయేమో. వీధిలో అందరికీ ఇంతే."

"అలాగా," అంది కోడలు. ఇంకేమీ అడగలేదు.

అడగకపోవడం అత్తగారికి మరీ కష్టమైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే పూటకోసారి నెట్టు కబురు చెప్పసాగింది. ఇంకా బాగుచేయలేదట. నిచ్చెన లేదట. నిచ్చెన వచ్చిందిగానీ మనిషి రాలేదట. పొద్దున లేవగానే "ఏమంటోంది మన పిల్ల" అని నోటి దాకా వచ్చేది, మింగేసేది. సూది పొడిచేసి కుర్చీలో కూర్చోకుండా వెళ్లిపోయేది. కోడలు కూడా ఎలుగు మాట ఎత్తలేదు. ఇల్లు మళ్లీ మొదటి రోజుల్లా గిన్నెల చప్పుడుకి వచ్చింది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక సాయంత్రం అత్తగారు జావ పట్టుకొచ్చేసరికి కోడలు తలగడకి ఆనుకుని ఆమె కోసమే చూస్తోంది.

"అత్తయ్యా, కూర్చోండి. ఆ వైరు ఎక్కడ పెట్టారో తెచ్చి తగిలించేయండి."

"ఏ వైరు?"

"నెట్టు పోయిన రోజు మీ చీర కొంగుకి పిండి అంటుకుంది. వైరు పీకాక అరగంటకి. ఆ రోజు మీరు పిండి వంటేమీ చెయ్యలేదు." కోడలు తన ఫోను పైకెత్తి చూపించింది. "పైగా దీన్లో నెట్టు వేరు. నాకు మొదటినుంచీ వస్తూనే ఉంది."

అత్తగారు జావ గిన్నె స్టూలు మీద పెట్టింది. కూర్చుంది.

"చూశావా అయితే."

"అక్క రాకముందే చూశాను. గీత పడుతున్నప్పుడే చూశాను."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

కోడలు కాసేపు దుప్పటి అంచు సరిచేసుకుంది. "రోజూ లేస్తూనే దాని గురించే అడుగుతున్నారు మీరు. మీకెలా చెప్పాలో తెలీలేదు. ఎలాగూ నెట్టు లేదని మీరే అన్నాక, కొన్నాళ్లు అలాగే పోనిద్దాం అనుకున్నాను."

కోడలు ఏడుస్తుందేమోనని అత్తగారు ఇన్నాళ్లూ భయపడి చచ్చిందా, ఇప్పుడు కళ్లనీళ్లు వచ్చింది తనకి. కొంగుతో తుడుచుకుంటుంటే ఆ కొంగుకి అంటిన ఆ పూట రొట్టెల పిండి కంట్లో పడి, ఇంకాస్త నీళ్లొచ్చాయి.

"ఏమైందంటావు దానికి?"

"ఖచ్చితంగా చెప్పలేం. అంటుకున్నది నిలవకుండా పోయి ఉండొచ్చు. అలా పోతే బయటికి రాదు, లోపలే కరిగిపోతుంది. లేదా అసలు కడుపే రాలేదేమో, వచ్చిందని ఒళ్లు అనుకుని ఉండొచ్చు. ఎలుగుల్లో అదీ ఉంది. ఒక్క గీత చూసి ఏదీ చెప్పకూడదు."

"దానికి తెలుస్తుందా?"

"గుండె లెక్క చూశాను. నెమ్మదిగానే ఉంది. నిద్ర లేవలేదు."

"అది కాదు నేనడిగింది."

"తెలుసు అత్తయ్యా." కోడలు గొంతు తగ్గింది. "దాన్ని కొలిచే యంత్రం మా దగ్గర లేదు."

బయట మంచు పట్టిన కారు ఒకటి స్టార్టవక గురగురమంటోంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది.

"మీ ఆయన కంటే ముందు నాకొక పిల్ల," అంది అత్తగారు. ఆమె గొంతు ఇంత చిన్నగా ఉండగలదని కోడలికి అప్పటిదాకా తెలీదు. "ఏడో నెలలో పోయింది. ఆడపిల్లని నర్సు చెప్పింది, నాకు చూపించలేదు. చూపిస్తే మర్చిపోలేరని అప్పట్లో అదో పద్ధతి. సెలవు అయిపోగానే బస్సెక్కాను. డిపోలో ఎవరూ ఏమీ అడగలేదు. మీ మామగారూ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడికి కూడా తెలీదు."

కోడలు చెయ్యి చాపింది. మంచానికీ కుర్చీకీ మధ్య దూరం ఎక్కువైంది, చెయ్యి అందలేదు. అత్తగారే లేచి మంచం అంచున కూర్చుంది.

"నాకు రెండోసారి పోయినప్పుడు," అంది కోడలు, "మర్నాడే ల్యాబ్‌కి వెళ్లాను. అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పమని ఆయన ఎంత పోరాడో. మీరేమనుకుంటారోనని నేనే వద్దన్నాను."

"ఏమనుకుంటానని?"

"అదే తెలీదు."

"వచ్చి ఉండేదాన్ని," అంది అత్తగారు. "ఇంకేం చేసేదాన్నో నాకూ తెలీదు. కానీ వచ్చి ఉండేదాన్ని."

జావ చల్లారిపోయింది. మళ్లీ వెచ్చచేసి తెచ్చింది. వైరు పిండి దులిపి తగిలించింది. రాత్రి భోజనం దాకా ఇద్దరూ ఆ రెండు గీతల్నే చూస్తూ కూర్చున్నారు. నల్ల గీత నింపాదిగా, ఒక్కో కొండ తర్వాత ఇంకో కొండలా నడుస్తోంది. ఎర్ర గీత కింద ఎక్కడో తన దారిన తను పోతోంది. బతికి ఉంది, పడుకుని ఉంది. ఆ పూటకి అది చాలనిపించింది.

ఫిబ్రవరి చివర్లో, అనుకున్న దానికంటే ముందే, కోడలికి పట్టపగలు నొప్పులొచ్చాయి. రైలు ఎక్కడో మైదానాల మధ్య ఉంది. అత్తగారు టాక్సీ పిలిచి, ముందు సీట్లో కూర్చుని, ఏ వీధిలో ఏ వేళకి ఎంత రద్దీ ఉంటుందో డ్రైవరుకి చెబుతూ ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది. డ్రైవరు ఒకచోట "తెలుసమ్మా" అన్నాడు. "తెలిస్తే ఎడమకి తిప్పు," అంది.

ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ. నాలుగు రోజులు గాజుపెట్టెలో ఉంచి, తర్వాత తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టారు. బుల్లి టోపీ కింద ఎర్రటి మొహం, మూసిన కళ్లు. కొడుకు డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకుంటూ వచ్చి, తలుపు దగ్గర ఆగి, చేతులు కడుక్కోవాలా అని నర్సుని అడిగాడు. కడుక్కోమంటే మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు. పసిదాన్ని చూశాక తల్లి వైపు తిరిగాడు. కోడలు ఆ మధ్య అతనికి అంతా చెప్పింది. "మా అక్కని నీకు చూపించలేదటగా అమ్మా," అన్నాడు. ఆమె తలూపింది. అతను పక్కకి తప్పుకుని ఆమెకు చోటిచ్చాడు. ఆ పిల్లని ఆమె తనివితీరా, తొందరేమీ లేకుండా చూసింది.

వసంతంలో పక్క బల్లావిడ ఫోను చేసింది. గడుగ్గాయి గుహలోంచి బయటికి వచ్చిందట. ఒంటరిగానే. లోయకి ఇవతల నుంచి టెలిస్కోపులో చూడొచ్చు, జీపు వెళ్తోంది, నువ్వు రాలేవు గానీ చెబుదామని అంది. కోడలు ఫోను చేత్తో మూసి అత్తగారి వైపు చూసింది. "నా బదులు మీరు వెళ్లండి."

"నేనా? అడవికా?"

"మీకంటే దగ్గరివాళ్లు దానికెవరున్నారు?"

అలా కొడుకు పాత కోటు తొడుక్కుని అత్తగారు జీపెక్కింది. కొండ మీద చలి ఎముకల్లోకి దిగుతోంది. టెలిస్కోపులో ముందు ఏమీ కనబడలేదు, తర్వాత తన రెప్పలే కనబడ్డాయి, ఆ తర్వాత ఎండ పడ్డ వాలులో, మంచు కరిగిన చోట, గోధుమ రంగు ముద్ద ఒకటి కదిలింది. బొచ్చు వదులుగా వేలాడుతోంది. చిక్కిపోయింది. ఒక చెవి చిరిగి ఉంది. కొత్త గడ్డిని నింపాదిగా, పక్కలకి చూసుకుంటూ మేస్తోంది. కాసేపటికి పిరుదుల మీద మనిషిలా కూర్చుని, ఎండకి మొహం పెట్టింది.

"ఈ వేసవిలో మళ్లీ జతకట్టొచ్చు," అంది పక్క బల్లావిడ.

"తొందరేముందమ్మా," అంది అత్తగారు టెలిస్కోపు వదలకుండా. "ముందు దాని కడుపు నిండనివ్వు."

ఆమె ఇంటికొచ్చేసరికి కోడలు పాపని ఎత్తుకున్న మొగుణ్ణి ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగుతోంది. నెలలు మంచం మీద ఉన్న కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. రోజుకి కాస్త కాస్త నడవమన్నారు. ఎలుగుకి ఆ బాధ లేదు, అన్ని నెలలు పడుకున్నా కండ కరగదు, లేచిన రోజే కొండెక్కుతుంది. మనిషికి మాత్రం మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవడమే. అత్తగారు కొడుకుని పాపతో పైకి పంపేసి, తన భుజం అందించింది.

ఇద్దరూ గోడ పక్కగా నడిచారు. కోడలికి ఒకటే ఆత్రం. కుంటుతోందా? బొచ్చు ఊడిపోయి ఎక్కడైనా చర్మం కనబడిందా? ఏం తింది? ఎంతసేపు తింది? అత్తగారు చూసినంతా చెప్పింది, చూడనిది చూడలేదని చెప్పింది.

"కూర్చుంది," అంది. "అచ్చం మనలాగే కూర్చుని ఎండలో కళ్లు మూసుకుంది. నాకు దానితో మాట్లాడాలనిపించింది."

"ఏమని?"

"ఏమో. ఎలా ఉన్నావమ్మా అని."

దుకాణం దాకా వచ్చేసరికి కోడలికి ఆయాసం వచ్చింది. నిన్న అక్కడినుంచే వెనక్కి తిరిగారు. అత్తగారు తిరగబోయింది. కోడలు ఆమె భుజం వదల్లేదు.

"ఇంకొంచెం పోదాం అత్తయ్యా. ఆ మలుపు దాకా."

"కాళ్లు వణుకుతున్నాయి నీకు."

"వణకనివ్వండి. మీరున్నారుగా."

అత్తగారు కోటు చేతులు పైకి మడిచి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ మలుపు వైపు నడిచారు.